తిరుచానూరు రోడ్డు పక్క సందులో బోర్డు లేని నర్సరీ: గంధరాజం కొనాలనుకునేవాళ్ల కోసం రివ్యూ

గంధరాజం మొక్క తిరుపతిలో ఏ నర్సరీలో అడిగినా ఇస్తారు. కానీ తెచ్చుకున్న ఏడాది తిరక్కుండానే ఆకులు పసుపెక్కాయనీ, మొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోతున్నాయనీ చెప్పేవాళ్లు మా కాలనీలో చాలామందే ఉన్నారు. ఎరువు చాలలేదేమోనని ఎరువు వేస్తారు. నీళ్లు చాలలేదేమోనని ఇంకో చెంబు పోస్తారు. మొక్క ఇంకా నీరసిస్తుంది. చివరికి "ఈ ఊరికి గంధరాజం పడదు" అని వదిలేస్తారు. ఆ మాట నిజం కాదని చెప్పడానికే ఈ రివ్యూ కాస్త పొడుగ్గా రాస్తున్నాను. నేను గంధరాజాలు కొన్న నర్సరీ గురించి, అక్కడే తీసుకున్న మట్టి, మందుల గురించి, కొన్నాక ఆ నర్సరీ అన్న ఇచ్చిన సలహాలు ఎంతవరకు పనికొచ్చాయో అన్నీ చెబుతాను.

నర్సరీకి బోర్డు లేదు. తిరుచానూరు అమ్మవారి గుడి వైపు వెళ్తుంటే మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో ఉంది. పచ్చ నెట్టు కప్పిన స్థలం, గేటు దగ్గర పెద్ద కానుగ చెట్టు, దాని కింద ఒక నీళ్ల తొట్టి. నడిపే అన్న చాలా ఏళ్లు ఎస్వీ వ్యవసాయ కళాశాల తోటల్లో పనిచేసి, తర్వాత సొంతంగా ఇది పెట్టుకున్నారు. ఆయనా, ఆయన భార్యా ఇద్దరే చూసుకుంటారు. పెద్ద నర్సరీల్లో కనిపించే ఫౌంటెన్లు, రంగు రాళ్లు, సిమెంటు బొమ్మలు ఇక్కడ ఉండవు.

మామూలుగా ఏ నర్సరీకి వెళ్లినా "గంధరాజం ఉందా అన్నా" అంటే "ఉంది మేడమ్, నూట యాభై" అని జవాబు వస్తుంది. ఈయన మొక్క వైపు చెయ్యి కూడా చూపించకుండా ముందు అడిగింది ఇది: "మీకి ఏం నీళ్లు మా? బోరా, కార్పొరేషన్ నీళ్లా?"

"బోరే అన్నా. బకెట్టు అంచున తెల్లగా పేరుకుంటుంది."

"గీజరు కాయిల్ ఎన్నేండ్లకి పోతా ఉంది?"

"రెండేళ్లకే మార్చాం."

"అట్లయితే ఇప్పుడు తీసుకోవద్దు మా. ఎండలు ముదరతా ఉండాయి. వానలు పడినాక రాండి. ఈలోపల వాన నీళ్లు పట్టుకునేదానికి ఒక డ్రమ్ము చూసుకోండి."

డబ్బులు చేతిలో పట్టుకుని వచ్చిన మనిషికి మొక్క అమ్మకుండా పంపించారు. నాకు ఈ నర్సరీ మీద గౌరవం కలిగింది అక్కడే.

నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను కాబట్టి ఆయన ప్రశ్న వెనకున్న లెక్క నాకు వెంటనే తట్టింది. గంధరాజం చైనా, జపాన్, వియత్నాం వైపు నుంచి వచ్చిన మొక్క. దానికి ఆమ్ల గుణం ఉన్న నేల కావాలి. మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 5 నుంచి 6 మధ్యలో ఉంటే హాయిగా పెరుగుతుంది. మా బోరు లాంటి గట్టి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు ఎక్కువగా ఉంటాయి. రోజూ అవే పోస్తుంటే కుండీలో మట్టి పీహెచ్ మెల్లగా 7 దాటి పైకి పోతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఎంత ఉన్నా కరగని రూపంలోకి మారిపోతుంది, వేరు దాన్ని తీసుకోలేదు. ఆకులో పచ్చదనం తయారవ్వాలంటే ఇనుము ఉండి తీరాలి. పైగా మొక్క లోపల ఇనుము ఒకచోటి నుంచి ఇంకోచోటికి తేలిగ్గా కదలదు, పాత ఆకుల్లో ఉన్నది కొత్త ఆకులకి అందదు. అందుకే ముందు పాలిపోయేవి చిగురాకులు. ఈనెలు పచ్చగానే ఉంటాయి, వాటి మధ్య భాగమంతా నిమ్మపండు రంగుకి తిరుగుతుంది.

ఈ తేడా గుర్తుపట్టడం చాలా ముఖ్యం. కింద ఉన్న ముసలి ఆకు ఒకటీ అరా పండి రాలితే కంగారు పడక్కర్లేదు. కింది ఆకులు వరసగా పసుపెక్కుతుంటే నత్రజనో, మెగ్నీషియమో తక్కువైందని అనుకోవాలి. పైన చిగుళ్లలో ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలితే అది ఇనుము సమస్య, అంటే దాదాపుగా నీళ్ల సమస్య. అలాంటి మొక్కకి పేడ ఎరువు ఎంత వేసినా ఫలితం ఉండదు.

మా అత్తయ్యది పలమనేరు దగ్గర పల్లె. అక్కడ వాళ్ల పెరట్లో గంధరాజం మనిషి ఎత్తు పెరిగి, ఎవరూ పట్టించుకోకపోయినా చెట్టు నిండా పూసేదని ఆమె ఎప్పుడూ చెబుతుంటారు. "ఇక్కడ ఎందుకు పుయ్యదు?" అని నన్ను అడుగుతారు. ఈ అన్ననే అడిగాను. పలమనేరు ఎత్తు ప్రాంతం, రాత్రిళ్లు చల్లబడుతుంది, గంధరాజం మొగ్గ కట్టాలంటే రాత్రి చల్లదనం కావాలని చెప్పారు. ఇది సరైన మాటే. రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 18 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు మొగ్గ బాగా కడుతుంది. రాత్రి కూడా వేడిగా ఉంటే మొగ్గ కట్టడం తగ్గుతుంది, కట్టినవి కూడా రాలుతాయి. తిరుపతిలో ఆ చల్లదనం డిసెంబరు, జనవరి నెలల్లోనే కాస్త దొరుకుతుంది. అందుకే ఆయన వానలు పడ్డాక, కార్తీకంలో మొక్క పెట్టుకోమంటారు. అప్పటికి తొట్టి నిండా వాన నీళ్లు ఉంటాయి, వేరు పట్టుకునేదాకా ఎండ బాధ ఉండదు, చలి మొదలయ్యేసరికి మొక్క కుదురుకుంటుంది.

ఇక మొక్క సంగతి. మన ఊరికి వచ్చే పూల మొక్కల్లో చాలావరకు కడియం నుంచి లారీల్లో వస్తాయి. అక్కడి నుంచి వచ్చే మొక్కలకి వేళ్ల చుట్టూ బంకమట్టి ఉండ ఉంటుంది. దూర ప్రయాణంలో వేళ్లు ఎండకుండా అది కాపాడుతుంది. ఇబ్బంది తర్వాత మొదలవుతుంది. ఆ ఉండను అలాగే తీసి వదులు మట్టిలో పెడితే, మనం పోసే నీళ్లు పక్కనుంచి జారిపోతాయి, ఉండ లోపల పొడిగానే ఉండిపోతుంది. లేదా ఒకసారి నానితే రోజుల తరబడి ఆరదు, లోపల వేరు కుళ్లుతుంది. ఈ అన్న కడియం లారీ దిగగానే మొక్కల్ని అమ్మకానికి పెట్టరు. ఉండని నీళ్ల తొట్టిలో నానబెట్టి, బంకమట్టిని వేళ్లకి దెబ్బ తగలకుండా వదిలించి, తన మట్టి కలిపిన సంచుల్లోకి మార్చి, నెట్టు కింద పెడతారు. కొత్త చిగురు కనబడ్డాకే బయటి వరసలోకి తెస్తారు.

నేను తీసుకున్న మొక్కని సంచిలోంచి తీసి చూపించమంటే విసుక్కోకుండా చూపించారు. సంచి అడుగున చెయ్యి పెట్టి, కాండం మొదలు రెండు వేళ్ల మధ్య పట్టుకుని తలకిందులు చేశారు. మట్టి విడిపోకుండా మొత్తం ముద్దగా చేతిలోకి వచ్చింది. చుట్టూ సన్నని వేళ్లు తెల్లగా, కొసలు లేత పసుపుగా ఉన్నాయి. ఎక్కడా నల్లబడలేదు, అడుగున గుండ్రంగా చుట్టలు చుట్టుకోలేదు, వేళ్ల మీద చిన్న చిన్న బుడిపెలు లేవు. బుడిపెలుంటే నులిపురుగు ఉన్నట్టు, ఆ మొక్క ఎంత బాగున్నా తీసుకోవద్దని ఆయనే చెప్పారు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిమట్టి వాసన తప్ప కుళ్లు వాసన లేదు. మొక్క కొనేటప్పుడు ఇలా వేరు చూపించే నర్సరీ మన ఊళ్లో నాకు ఇంకొకటి తగల్లేదు.

ఇది ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, అంతకుముందు ఆన్‌లైన్‌లో తెప్పించిన మొక్క ఒకటి ఉంది. గంధరాజం అని బొమ్మ పెట్టి, డబ్బు తీసుకుని, నందివర్ధనం పంపించారు. రెండూ తెల్ల పూలే, ముద్ద రకాలు చూడ్డానికి దగ్గరగా ఉంటాయి, ఆకు కూడా నిగనిగలాడుతుంది. ఫిర్యాదు చేస్తే "పూలు పూసేదాకా ఆగండి" అని జవాబు. ఆగక్కర్లేదు. ఒక ఆకు తుంచితే నందివర్ధనానికి పాలు కారతాయి, గంధరాజానికి కారవు. ఇంకో గుర్తు కూడా ఉంది: గంధరాజానికి ఎదురెదురు ఆకు కాడల మధ్య కాండాన్ని అంటుకుని చిన్న పొర ఉంటుంది. కాఫీ, నూరువరహాలు, గంధరాజం ఒకే కుటుంబం, ఈ పొర ఆ కుటుంబం మొత్తానికి గుర్తు. నందివర్ధనం పూజకి మంచి పువ్వే, దాని మీద నాకేమీ కోపం లేదు. గంధరాజం వాసన కోసం ఎదురుచూసిన మనిషికి అది పంపడం మాత్రం మోసం.

ఈ నర్సరీలో రెండు రకాలు దొరుకుతాయి. పెద్ద ఆకుల ముద్ద గంధరాజం, చిన్న ఆకులతో గుబురుగా పెరిగే పొట్టి రకం. నేను రెండూ తీసుకున్నాను. ముద్ద రకం రూ. 220, పొట్టిది రూ. 160. బయట ఇదే ఎత్తు మొక్క వంద రూపాయలకి కూడా దొరుకుతుంది కాబట్టి ధర ఎక్కువే. ఆ మట్టి మార్పిడి, నెట్టు కింద ఉంచిన సమయం చూస్తే నాకు సబబుగానే అనిపించింది. ఆయన తన కోసం ఉంచుకున్న ఒంటి రేకుల గంధరాజం చెట్టు ఒకటి లోపల ఉంది, అది అమ్మరు. దానికి కాయలు కాస్తాయి, పండితే నారింజ రంగు, నిలువుగా గాట్లు ఉంటాయి. చైనా, జపాన్‌లలో ఆ కాయలతో తినే పదార్థాలకి పసుపు రంగు వేస్తారు. కుంకుమపువ్వుకి రంగునిచ్చే క్రోసిన్ అనే పదార్థమే అందులోనూ ఉంది. ఒక కాయ విప్పి వేలికి రాసి చూపిస్తే వేలు ముదురు పసుపైంది. అడగ్గానే పని ఆపి ఇలాంటివి చూపించే ఓపిక ఆయనకి ఉంది.

మట్టి కూడా అక్కడే కొన్నాను. కలిపి అమ్మే బస్తా రూ. 250. ఎర్రమట్టి తక్కువ, కొబ్బరిపొట్టు, బాగా మాగిన ఆకు ఎరువు, పాత పశువుల ఎరువు, కొంచెం వేపపిండి. ఆకు ఎరువు మామిడి తోటల నుంచి తెప్పిస్తారట, మన జిల్లాలో దానికి కొదవ లేదు. మట్టి వదులుగా, చేత్తో పిసికి వదిలితే విడిపోయేలా ఉంది. నా ఫిర్యాదు కొబ్బరిపొట్టు మీద. కడగని పొట్టులో ఉప్పు ఉంటుంది. ఉప్పంటే గిట్టని మొక్కకి అమ్మే మట్టిలో కడగని పొట్టు కలపడం సరికాదు. అదే చెబితే "నీళ్లు చాలవు మా కడిగేదానికి" అన్నారు. ఆయన ఇబ్బంది నిజమే కావచ్చు, కానీ కొనేవాళ్లు ఈ మట్టిని కుండీలో నింపాక, మొక్క పెట్టకముందే, రెండు మూడు సార్లు వాన నీళ్లో కుళాయి నీళ్లో అడుగునుంచి కారిపోయేలా పోసుకోవడం మంచిది.

తర్వాత అక్కడే కొన్న ఎర్ర పొడి, అంటే ఇనుము మందు. ఇనుము అందని మొక్కలకి వేసే చీలేట్లు (ఇనుముని వేరు తీసుకోగలిగేలా కరిగే రూపంలో పట్టి ఉంచే పదార్థాలు) రెండు రకాలు మార్కెట్లో ఎక్కువ. ఒకటి ఈడీటీఏ రకం, చవక, ఎక్కడైనా దొరుకుతుంది. మట్టి పీహెచ్ ఆరున్నర దాటితే అది నిలబడదు, ఇనుముని వదిలేస్తుంది. రెండోది ఈడీడీహెచ్ఏ రకం, ఖరీదెక్కువ, క్షారం ఎక్కువున్న మట్టిలోనూ పనిచేస్తుంది. మన నీళ్లకి రెండోదే కావాలి. ఈ అన్న దగ్గర అదే ఉంది. ముదురు గోధుమరంగు పలుకులు, నీళ్లలో వేస్తే క్షణాల్లో ఎర్రగా కరుగుతాయి. లీటరు నీళ్లకి ఒక గ్రాము కలిపి, సాయంత్రం పూట, తడిగా ఉన్న మట్టిలో పోయమన్నారు. ఆకుల మీద పడనివ్వొద్దన్నారు. నేను మా పక్కింటివాళ్ల పాత గంధరాజానికి కూడా పోయించాను. పాలిపోయిన ఆకులు అంతగా తేరుకోలేదు కానీ, ఆ తర్వాత వచ్చిన చిగురంతా నిండు పచ్చగా వచ్చింది. నెలకోసారి మించి అక్కర్లేదు. ఈ పొడి విషయంలో నాకు నచ్చనిది, పెద్ద ప్యాకెట్టు విప్పి చిన్న చిన్న కవర్లలో కట్టి అమ్మడం. కవరు మీద పేరు లేదు, తేదీ లేదు, ఎంత కలపాలో లేదు. అదేంటో తెలియని మనిషి చేతికి, పిల్లలున్న ఇంటికి అలా వెళ్లకూడదు. ఒక చీటీ అంటించమని చెప్పాను. ఇంకా అంటించలేదు.

నీళ్ల విషయంలో ఆయన సలహా సూటిగా ఉంటుంది. మొదటి ఎంపిక వాన నీళ్లు. రెండోది ఏసీ నుంచి కారే నీళ్లు, అందులో లవణాలు దాదాపు ఉండవు. మూడోది కార్పొరేషన్ కుళాయి నీళ్లు. కల్యాణి డ్యామ్, తెలుగుగంగ నుంచి వచ్చే ఆ నీళ్లు మా బోరుతో పోలిస్తే ఎంతో నయం. ఆర్వో మెషీను వదిలే నీళ్లు మాత్రం పోయొద్దు. అందులో లవణాలు మామూలు బోరు నీళ్లకన్నా చిక్కగా ఉంటాయి. నీళ్లు వృథా అవుతున్నాయని చాలామంది వాటిని పట్టి మొక్కలకే పోస్తారు. నేల తుడవడానికి వాడుకోండి, గంధరాజానికి వద్దు.

బోరు తప్ప వేరే దారి లేని రోజుల్లో నేను చేసేది ఇది. పది లీటర్ల బకెట్టుకి రెండు నిమ్మకాయల రసం. నిమ్మకాయలు మండిపోయే వేసవిలో అయితే, కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) అర టీస్పూను. మా బోరు నీళ్ల పీహెచ్ 8 దగ్గర నుంచి ఆరున్నర దగ్గరికి దిగుతుంది. చేపల తొట్లు అమ్మే షాపులో పీహెచ్ కాగితాలు దొరుకుతాయి, వాటితో చూసుకోవచ్చు. ఒక్కో వీధి బోరు ఒక్కోలా ఉంటుంది కాబట్టి నా లెక్కని గుడ్డిగా వాడకండి, కొలుచుకుని వాడండి. పులుపు ఎక్కువైతే అదీ వేరుకి ప్రమాదమే.

ఎండ గురించి. గంధరాజానికి వెలుతురు కావాలి, నీడలో పెడితే ఆకులు తప్ప పూలు ఉండవు. కానీ మే నెలలో 40 డిగ్రీలు దాటే మన మేడల మీద మిట్టమధ్యాహ్నం ఎండ పడితే మొగ్గలు మాడిపోతాయి. పొద్దున పది, పదకొండు దాకా ఎండ తగిలి, తర్వాత నీడ పడే తూర్పు వైపు బాల్కనీ సరిగ్గా సరిపోతుంది. మేడ మీదే పెట్టాలంటే సగం ఎండని ఆపే పచ్చ నెట్టు కట్టుకోవాలి. నెట్టు ఈ నర్సరీలో మీటరు లెక్కన కోసి ఇస్తారు. మట్టి మీద ఎండ పడకుండా వేరుశనగ పొట్టు రెండంగుళాల మందాన పరవమన్నారు. మన దగ్గర శనక్కాయల మిల్లులో అడిగితే బస్తాల కొద్దీ దొరుకుతుంది. ఇది నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడిన సలహా. పొట్టు పరిచాక మట్టి ఆరడం బాగా తగ్గింది, పోసే నీళ్లు తగ్గాయి, నీళ్లు తగ్గితే పేరుకునే లవణాలు కూడా తగ్గుతాయి కదా. కుండీ కూడా మట్టిదే తీసుకోమన్నారు, వేరుకి చల్లగా ఉంటుందని.

మొగ్గ వచ్చాక కుండీని కదిలించొద్దన్నది ఇంకో మాట. మొగ్గలున్న మొక్కని చోటు మార్చినా, ఒకరోజు ఎండబెట్టి మర్నాడు ముంచేసినా, మొగ్గలు రాల్చేస్తుంది. అందుకే ఈ నర్సరీలో మొగ్గలతో నిండిన మొక్క ఇవ్వమని అడిగినా ఇవ్వరు. "ఇంటికి పోయే లోపల రాలిపోతాయి మా, తర్వాత నన్ను తిట్టుకుంటారు" అంటారు. పూలతో ఉన్న మొక్క చూసి ముచ్చటపడి కొనే అలవాటు మనకి ఎక్కువ, ఇది తెలుసుకుంటే చాలామందికి డబ్బు మిగులుతుంది.

మా ముద్ద గంధరాజం సంక్రాంతి దాటాక మొగ్గలు తొడిగింది. మొగ్గ లేతాకుపచ్చగా, ముడిచిన గొడుగులా మెలిక తిరిగి ఉంటుంది. రోజురోజుకీ పచ్చ తగ్గి తెలుపు పైకి వస్తుంది, ఒక సాయంత్రం మెలిక వదులై, తెల్లారేసరికి విచ్చుకుంటుంది. మొదటి రోజు మంచు తెలుపు, రెండో రోజుకి మీగడ రంగు, ఆ తర్వాత పసుపు. రేకుని వేలితో నొక్కితే కాసేపటికే అక్కడ గోధుమరంగు మచ్చ పడుతుంది, కాడ పట్టుకునే కొయ్యాలి. పూల అంగట్లో మల్లె, కనకాంబరం, చామంతి మూరలకి మూరలు అమ్ముతారు గానీ గంధరాజం కనిపించకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం. చేతులు మారేకొద్దీ నల్లబడే పువ్వు అంగడిదాకా రాలేదు. కావాలనుకున్నవాళ్లు ఇంట్లో పెంచుకోవాల్సిందే. కొండ మీద పూలన్నీ స్వామివారికే, అక్కడ మనం తల్లో పెట్టుకోం. అదే పద్ధతి మా అత్తయ్య ఇంట్లోనూ పాటిస్తారు. మొదట పూసిన పువ్వు దేవుడి గదిలోకి వెళ్లాకే మిగతావి ఆమె కొప్పులోకి వస్తాయి. ఒక్క పువ్వు చాలు, హాలంతా వాసన. తను పుట్టిన ఊరి వాసన తిరుపతిలో మళ్లీ దొరికిందని ఆమె ఎన్నిసార్లు అన్నారో. నాకు ఈ మొక్క మీద ఇంత పట్టుదల ఉండటానికి కారణం ఆమే.

కొన్నాక పట్టించుకుంటారా అని అడిగేవాళ్లకి: పట్టించుకుంటారు. ఆకు వెనక తెల్లని దూదిలాంటిది కనిపిస్తే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాను. రాత్రికి జవాబు వచ్చింది. పిండినల్లి, మందు కొనొద్దు, ముందు నీళ్లు గట్టిగా కొట్టి కడగండి, తర్వాత లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కుంకుడు రసంతో కలిపి సాయంత్రం కొట్టండి అని. కుండీ మీద చీమలు పాకుతుంటే ముందు వాటిని ఆపాలని కూడా చెప్పారు, పిండినల్లిని ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి చేర్చేవి అవే. ఆకుల మీద నల్లటి మసి కడితే అది వేరే తెగులని భయపడొద్దని, పురుగు కార్చే జిగురు మీద పెరిగే బూజని, పురుగు పోతే అదీ పోతుందని వివరంగా చెప్పారు. వారానికోసారి చొప్పున వేపనూనె కొడితే తగ్గింది. తన దగ్గర రకరకాల పురుగు మందులు అమ్మకానికి ఉండి కూడా ఇంట్లో ఉన్నవాటితో సరిపెట్టమన్నారు.

ఇంకో విషయం నాకు బాగా నచ్చింది. శేషాచలం అడవుల్లో గంధరాజానికి దగ్గరి చుట్టాలున్నాయి, బిక్కి, పెద్ద బిక్కి అంటారు. వాటి పూలు కూడా తెల్లగా పూసి పసుపెక్కుతాయి, మంచి వాసన. బోన్సాయ్ కోసం ఆ మొక్కలు తెచ్చిపెట్టమని అడిగేవాళ్లు వస్తుంటారట. అడవి నుంచి తవ్వి తెచ్చిన మొక్క ఒక్కటి కూడా తన నర్సరీలో పెట్టనని ఆయన నా ముందే ఒకాయనకి చెప్పి పంపించారు. అది బయోస్ఫియర్ రిజర్వ్, అక్కడి మొక్క అక్కడే ఉండాలి.

లోపాలు కూడా చెప్పాలి. మొక్కల మీద ధర చీటీలు లేవు, ప్రతిదీ అడగాలి. కొనేవాళ్లు ఎక్కువగా ఉంటే ఆయన కోసం చాలాసేపు నిలబడాలి, ఎందుకంటే ఒక్కొక్కరితో ఇంతసేపు మాట్లాడతారు. ఆయన భార్యకి గులాబీలు, మందారాల గురించి బాగా తెలుసు, గంధరాజం గురించి మాత్రం "ఆయన్నే అడగండి మా" అంటారు. సందు ఇరుకు, కారు లోపలికి పోదు, మెయిన్ రోడ్డు మీదే ఎక్కడో పెట్టి నడవాలి. వానాకాలంలో గేటు దగ్గర బురద. మట్టి కుండీలు వాళ్ల దగ్గర నాసిగా ఉన్నాయి, అడుగున రంధ్రం ఒకటే, అదీ చిన్నది. కుండీ వేరేచోట కొనుక్కోవడం మంచిది, పన్నెండు అంగుళాలది, అడుగున కనీసం మూడు రంధ్రాలు ఉన్నది. మొక్క చచ్చిపోతే మార్చి ఇస్తారా అంటే అలాంటి హామీ ఏమీ ఇవ్వరు. ఏప్రిల్, మే నెలల్లో గంధరాజాలు అసలు అమ్మరు కాబట్టి అప్పుడు వెళ్లి ప్రయోజనం లేదు.

నా రేటింగ్ మొక్కలకి ఐదుకి ఐదు, సలహాలకి ఐదుకి ఐదు, కలిపిన మట్టికి మూడున్నర, ఆ చీటీ లేని ఎర్ర పొడి ప్యాకింగ్‌కి రెండు. ఫోన్‌పే తీసుకుంటారు. పొద్దున తొమ్మిదిలోపు గానీ, సాయంత్రం నాలుగు తర్వాత గానీ వెళ్తే ఆయన తీరిగ్గా దొరుకుతారు. డెలివరీ లేదు. చిత్తూరు నుంచి బస్సులో వచ్చేవాళ్లు ముందే చెబితే మొక్కని గోనెపట్టాలో నిలువుగా కట్టి, కొమ్మలు విరక్కుండా పైన కాగితం చుట్టి ఇస్తారు. దానికి వేరే డబ్బులు తీసుకోరు.